జీతమిచ్చి పడుకోబెట్టారు

శ్రావణం వచ్చింది, చెరువు నిండింది, నారుమడిలో నారు జానెడు దాటింది. రుద్రారంలో కాళ్ళూ చేతులూ సరిగా ఉన్న ప్రతి మగవాడూ మోకాళ్ళ లోతు బురదలో ఉన్నాడు, ఒక్క ముత్యమ్మ మొగుడు కిష్టప్ప తప్ప. ఆయన వాకిట్లో వేపచెట్టు కింద నులకమంచం మీద వెల్లకిలా పడుకొని ఆకుల్లోకి చూస్తున్నాడు. జ్వరం లేదు, దెబ్బ తగల్లేదు, తాగుడు అలవాటు అసలే లేదు. పటాన్‌చెరువులో ఆయన పనిచేసే పంపుల ఫ్యాక్టరీ వాళ్ళు జీతం ఇచ్చి మరీ రెండు వారాలు ఇంట్లో పడుకొమ్మని పంపారు.

వినేవాళ్ళకు ఇది నవ్వులాటే. ముత్యమ్మకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

హైదరాబాద్‌లో ఏదో పెద్ద చదువుల సంస్థ ఉందట. కార్మికుడికి పూర్తి విశ్రాంతి ఇస్తే ఏమవుతుందో తేల్చాలని వాళ్ళకు బుద్ధి పుట్టింది. సెలవు నుంచి తిరిగొచ్చిన మనిషి చేతిలో సామాను తక్కువ పాడవుతుందా, వాడికి చిరాకు తగ్గుతుందా, తగ్గితే ఆ మంచి ఎన్నాళ్ళు నిలుస్తుంది, ఇవన్నీ చూడాలట. అందుకని ఫ్యాక్టరీలో కొంతమందిని ఏరారు. కిష్టప్ప అందులో పడ్డాడు. షరతు ఒక్కటే, సెలవులో ఏ పనీ ముట్టకూడదు.

ఏటా నాట్ల కాలంలో కిష్టప్ప జీతం కోత పడినా సరేనని ఫ్యాక్టరీకి నాగా పెట్టేవాడు. పొలం దున్ని, నాట్లు వేయించి, విరిగిన నడుముతో మళ్ళీ మిషను ముందు నిలబడేవాడు. ముత్యమ్మకు తెలిసిన సెలవు అదే. ఈ ఏడు జీతంతో సెలవు అనగానే ఆమె పోచమ్మ గుడిలో కొబ్బరికాయ కొట్టి వచ్చింది. షరతు సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. తెలిసి ఉంటే ఆ కొబ్బరికాయతో పచ్చడన్నా నూరుకునేది.

పొలం వాళ్ళది కాదు. సంగారెడ్డి గంజి బజారులో ధాన్యం వ్యాపారం చేసే విశ్వేశ్వర్ సావుకారిది. చెరువు కింద ఎకరంన్నర, పాలుకు చేస్తున్నారు. పంటలో సగం ఆయనకు, సగం వీళ్ళకు. ఆ సగమే ఇంటిల్లిపాదికీ ఏడాది బువ్వ. పెళ్ళై వచ్చిన మర్నాటి నుంచీ ముత్యమ్మ ఆ మడుల్లోనే వంగి ఉంది. ఏ మూల నీళ్ళు నిలుస్తాయో, ఏ గట్టుకు ఎండ్రకాయలు బొక్కలు పెడతాయో ఆమెకు తెలిసినంతగా సావుకారికి కూడా తెలియదు. కిష్టప్ప సెలవుకు ముందు ఒక దఫా దున్ని వదిలాడు. ఇంకొక్కసారి దున్ని బురద చేస్తే నాట్లు వేయడమే తరువాయి. ఇంకా ఆలస్యమైతే నారు ముదిరిపోతుంది. ముదిరిన నారు నాటినా ఒకటే, ఎడ్లకు వేసినా ఒకటే.

కిష్టప్ప సోమరి అయితే ముత్యమ్మకు ఇంత బాధ ఉండేది కాదు. నాలుగు తిట్లు తిట్టి లేపేది. ఆయన మాట మీద నిలబడే మనిషి, అక్కడే వచ్చింది చిక్కంతా. ఈ పరిశోధనలో మంచి ఫలితం తేలితే రేపు అందరికీ ఏటా ఇలాంటి సెలవు అడగొచ్చునని ఫ్యాక్టరీలో కార్మికుల నాయకుడు చెప్పాడట. అంతే, ఏడుపాయల అమ్మవారికి మొక్కుకున్నవాడు ఒక్కపొద్దు పట్టినట్టు ఈయన పడక పట్టాడు.

"ఏమయ్యా, దూడ తాడు తెంపుకున్నది. జెర పట్టి కట్టు."

"అది పనే గదనే."

"దూడను కట్టుడు గూడ పనేనా?"

"ఏ పని జెయ్యొద్దన్నది మేడమ్. గిది జెయ్యొచ్చు, గది జెయ్యొద్దు అని జెప్పలే. ఏది పనో ఏది గాదో నేనెట్ల జెప్పాలె?"

"మరి తినుడు పని గాదా? అది గూడ బంద్ జెయ్యి!"

తినడం గురించి మాత్రం ఆయన మేడమ్‌ను ముందే అడిగి తెలుసుకున్నాడు.

ఆ మేడమ్ పేరు విమల, ఆ చదువుల సంస్థ మనిషి. నిండా పాతికేళ్ళు ఉండవు. వారానికి రెండుసార్లు హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చి, మంచం పక్కన పీట వేసుకొని కూర్చొని కిష్టప్పను ప్రశ్నలు అడిగేది.

"నిద్ర బాగా పడుతోందా కిష్టప్పగారూ?"

"మస్తు పడ్తున్నది మేడమ్."

"ఈ మూడు రోజుల్లో కోపం ఏమైనా వచ్చిందా?"

"లేదు మేడమ్. శాంతంగున్న."

పొయ్యి ఊదుతున్న ముత్యమ్మ ఊదుగొట్టం కింద పడేసింది. "కోపం ఏడికి బోలే తల్లీ, ఇంట్లనే ఉన్నది. గీ పక్కకొచ్చి అడుగు, జెప్త."

విమల నవ్వింది. "మిమ్మల్నీ అడగాలమ్మా. కాని ఇంట్లో వాళ్ళకు ప్రశ్నలు పెట్టలేదు మా వాళ్ళు."

"ప్రశ్నలెందుకు బిడ్డా? దున్నినంక ఎద్దుకు కాడి ఇడుస్తం. ఇడిస్తె దాని పాణం సుఖపడ్తదా లేదా అని ఎవలన్న పీట ఏసుకొని అడుగుతరా?"

"ఎద్దు రొప్పితే మీ కళ్ళకు కనిపిస్తుంది, కాడి దింపుతారు. ఫ్యాక్టరీ యజమానికి మిషను కనిపిస్తుంది గాని దాని వెనక మనిషి కనిపించడమ్మా. రుజువు చూపిస్తే గాని నమ్మడు. ఆ రుజువు కోసమే ఈ తిరుగుడు."

ఆ మాటలో తప్పు పట్టడానికి ముత్యమ్మకు ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా చిరాకు వేసింది. గొంతు తగ్గించి బతిమాలి చూసింది. "ఒక్క రెండు దినాలు దున్నుకోనియ్యి తల్లీ. తర్వాత నీ ఇష్టం, నెల దాక పండబెట్టుకో."

"అలా చేస్తే పరిశోధన పాడవుతుందమ్మా" అంది విమల. ఆమెకూ కష్టంగానే ఉన్నట్టు మొహం చూస్తే తెలిసింది. మొహం చూసినంత మాత్రాన మడి దున్నినట్టు కాదుగా.

అసలు గొడవ ఊళ్ళో మొదలైంది. మంచి వయసు మగవాడు నాట్లప్పుడు పట్టపగలు పడుకోవడం, పట్నం పిల్ల వచ్చి నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా అని అడిగి పోవడం, పైగా కంపెనీ కూర్చోబెట్టి జీతం ఇవ్వడం. ఇది విన్నవాళ్ళు ఏమనుకుంటారు? నిప్పు లేనిదే పొగ రాదనుకున్నారు. కిష్టప్పకు దగ్గు రోగం పట్టిందని, కంపెనీ దాస్తోందని, ఆ పిల్ల దవాఖాన నుంచి వస్తోందని తేల్చేశారు. రోగిని చూడబోయేవాళ్ళు వట్టి చేతులతో పోరు. ఒకరి తరువాత ఒకరు బేకరీలో దొరికే డబల్ రొట్టెలు, బత్తాయిలు పట్టుకొని వాకిట్లోకి వచ్చారు. మంచానికి బారెడు దూరంలో నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "పైలం" అని జాగ్రత్త చెప్పిపోయారు. ఇంట్లో పిల్లలకు పండగయింది. ముత్యమ్మకు తల ఎత్తుకోలేని పరిస్థితి వచ్చింది.

కిష్టప్పకు వరసకు అన్న అయ్యే పెద్దరాములు కూడా డబల్ రొట్టెతో వచ్చాడు.

"ఆయన తిన్న పళ్ళెం ఏరే పెట్టు ముత్యమ్మా."

"బావా, ఆయనకు ఏ రోగం లేదు. కంపెనోళ్ళు పండుకొమ్మన్నరు, పండుకున్నడు. గంతే."

"గట్లనే అనాలె. మంది ముంగట గట్లనే అనాలె."

"నిజంగనే లేదు బావా!"

"మా మేనత్త గూడ ఆఖరి దాక గిట్లనే దాచింది, పాపం."

మంచం మీద నుంచి కిష్టప్ప "నేను మంచిగున్ననే అన్నా" అన్నాడు. అనకపోయినా బాగుండేది. అప్పుడే నోట్లో పెట్టుకున్న ఎండు రొట్టె గొంతుకు అడ్డం పడి దగ్గుతెర వచ్చింది. కళ్ళ నీళ్ళు కారేదాకా దగ్గాడు. పెద్దరాములు రెండడుగులు వెనక్కి వేసి, ముత్యమ్మ వైపు జాలిగా చూశాడు.

"పొలం గురించి ఫికర్ జెయ్యకు. సావుకారితోని మాట్లాడిన. మీతోని కాకుంటే ఈ ఏడు నేనే జేసుకుంట."

ఆ డబల్ రొట్టె ఎందుకొచ్చిందో ముత్యమ్మకు అప్పుడు అర్థమైంది. 

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి సంగారెడ్డి పోయింది. విశ్వేశ్వర్ సావుకారి కొట్లో బస్తాల మధ్య గద్దె మీద కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. మంచినీళ్ళు ఇప్పించి మరీ మాట్లాడాడు.

"నీ మొగని మీద నాకేం కోపం లేదు ముత్యమ్మా. కాని రోగిష్టోళ్ళకు పాలుకిచ్చి పొలం పడావు పెట్టి బీడు జేసుకోమంటవా?"

"రోగం లేదు సేటు. పిల్లల మీద ఒట్టు."

"రోగం లేనోడు నాట్లప్పుడు పండుకుంటడా? నువ్వే జెప్పు."

 ఆ ప్రశ్నే ఆమె కూడా రోజూ మొగుణ్ణి అడుగుతోంది.

"సోమవారం నాడు నాట్లు మొదలు గావాలె. కాకుంటే పెద్దరాములుకిస్త. ఒకసారి ఇచ్చినంక మళ్ళ గుంజుకొని నీకియ్య, ముందే జెప్తున్న."

తిరిగొచ్చి దున్నేవాళ్ళ కోసం ఊరంతా కాళ్ళరిగేలా తిరిగింది. ఒకడికి తన మడి ఉంది, ఒకడికి తన మామ మడి ఉంది, ఒకడు పెద్దరాములు పేరు చెప్పి నీళ్ళు నమిలాడు. నాటే ఆడవాళ్ళ దగ్గరికి పోయింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు బదులు పోతారు. ఈరోజు నీ పొలంలో నేను నాటితే రేపు నా పొలంలో నువ్వు నాటాలి, మధ్యాహ్నం ఎవరి పొలమైతే వాళ్ళింటి సద్ది తినాలి. జట్టుకు పెద్ద పోశమ్మ. ఆమె సద్ది దగ్గరే ఆగిపోయింది.

"నాటుడుకేమొచ్చెనే, నాటుతం. నీ ఇంటి సద్ది ఎట్ల తింటం? పిల్లలున్నోళ్ళం."

"మీ మడులల్ల నా నడుము వంగలేదా పోశక్కా? అప్పుడు నా చెయ్యి మంచిగున్నదా?"

"ముందుగాల పొలమన్న దున్నిపియ్యి. అప్పుడు సూద్దం" అని పోశమ్మ తల తిప్పుకుంది.

ఆదివారం దీపాల వేళకు ముత్యమ్మ మంచం పక్కన వచ్చి నిలబడింది. అరవడానికి కూడా ఓపిక లేదు.

"రేపటికి పొలం పోతది."

"తెలుసు" అన్నాడు కిష్టప్ప.

"తెలిసి పండుకున్నవా?"

"నేను మాట తప్పితే అంతా ఖరాబైతది ముత్యమ్మా. నా ఒక్కని సంగతైతే ఎప్పుడో లేద్దును. అందరి సెలవు నా మెడ మీదున్నది."

"అందరికి సెలవు దొరకాలె. నా పిల్లలకు మాత్రం బువ్వ దొరకొద్దు. గంతేనా?"

కిష్టప్ప కండువా మొహం మీదికి లాక్కున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు కనీసం శంఖం వైపన్నా చూస్తాడు. ఈయన ఆ మాత్రమూ చూడలేదు.

సోమవారం పొద్దున ముత్యమ్మ కొట్టంలోంచి ఎడ్లను విప్పింది. కాడి వేసి, నాగలి తగిలించి పొలం వైపు తోలుకుపోయింది.

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు పొలంలో చేయని పని లేదు. నారు పీకుతారు, నాటుతారు, కలుపు తీస్తారు, కోస్తారు, మోస్తారు. నాగలి మేడి మాత్రం పట్టరు. ఆడది మేడి పడితే వాన దేవుడు మొహం తిప్పుకుంటాడని, ఊరు ఎండుతుందని నమ్మకం. ముత్యమ్మ అత్త బతికి ఉన్నన్నాళ్ళూ నేల మీద పడి ఉన్న నాగలిని కూడా చుట్టు తిరిగి పోయేది, దాటేది కాదు. ముత్యమ్మకు ఇదంతా తెలుసు. తెలిసే మడిలో దిగి మేడి పట్టింది. వాన దేవుడి మీద ఆమెకు ఏ కోపమూ లేదు. ఆయన కన్నా ముందు ఊరంతా మొహం తిప్పుకుంది కదా, ఇంకొకరు తిప్పుకుంటే కొత్తగా పోయేదేముంది అనుకుంది.

ఎడ్లకు ఆమె అదిలింపు అర్థం కాలేదు. ఒకటి ఇటు లాగితే ఇంకొకటి అటు లాగింది. సాలు వంకర టింకరగా పోయింది. కర్రు ఒకచోట దిగబడితే ముత్యమ్మ బోర్లా పడి, లేచి, మళ్ళీ పట్టింది. పక్క పొలాల్లోంచి కేకలు మొదలయ్యాయి. కాసేపట్లో గట్ల నిండా మనుషులు.

"ఓ ముత్యమ్మా! ఇడువు! ఊరికి అరిష్టం!"

"వాన బోతదే! అందరి మడులు ఎండుతయే!"

ముత్యమ్మ ఎడ్లను ఆపింది. నెత్తి నుంచి కాళ్ళ దాకా బురద.

"నా పొలం పోతుంటే ఎవలికీ అరిష్టం కానరాలే. ఇప్పుడు కానొచ్చిందా? ఇడుమంటే ఇడుస్త. ఎవలు దున్నుతరో దిగుండ్రి."

ఒక్కరూ గట్టు దిగలేదు. పెద్దరాములు "సావుకారి ఏమన్నడో..." అని మొదలుపెట్టాడు గాని పూర్తి చేయలేదు. ఊరి వైపు నుంచి కిష్టప్ప పరుగెత్తుకొస్తున్నాడు. వాళ్ళ పెద్ద బిడ్డ ఇంటికి పోయి చెప్పిందట. చెరువు కట్ట దిగి, గట్ల మీదుగా, కాలువ ఒక్క దూకున దాటి వచ్చాడు. దగ్గు రోగం మనిషి అలా రావడం ఊరంతా నోరు తెరిచి చూసింది. మడిలోకి దిగి పెళ్ళాం చేతిలోంచి మేడి తీసుకున్నాడు. ఎడ్లు ఆయన గొంతు వినగానే సాలులో పడ్డాయి.

పది రోజులు దాచుకున్న బలమంతా ఆ చేతుల్లో ఉంది. ఎవరికీ ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది. పోశమ్మ అందరికన్నా ముందు చీర కుచ్చిళ్ళు ఎగదోపి, "ఏం జూస్తున్నరే, నారు పీకుండ్రి" అని జట్టును అదిలించింది. పెద్దరాములు తన పొలం గుర్తొచ్చినట్టు మెల్లగా జారుకున్నాడు.

అప్పుడు వచ్చింది విమల. ఇంటి దగ్గర మంచం ఖాళీగా కనిపించేసరికి చెప్పులు చేత పట్టుకొని గట్ల వెంట పడి వచ్చింది.

"కిష్టప్పగారూ! ఇంకా నాలుగు రోజులే కదా!"

కిష్టప్ప ఎడ్లను ఆపి తల దించుకున్నాడు. "తప్పే మేడమ్. నాతోని అందరి సెలవు ఖరాబైంది. ఏమంటరో అనుండ్రి."

"అందరిదీ ఎందుకవుతుంది? మీ ఒక్కరి పేరు తీసేస్తాను. మిగతావాళ్ళది మామూలే."

గట్టు మీద కాళ్ళు కడుక్కుంటున్న ముత్యమ్మ చేతిలో చెంబు కింద పడింది.

"ఒక్కరి పేరా? గంతేనా? ఓ మనిషీ, తినొచ్చునా అని అడిగినవు, గీ మాట అడగరాలేదా! నేను సంగారెడ్డి దాక ఉరుకుడు, ఊరంత కాళ్ళు మొక్కుడు, అంతా నువ్వు అడగకపోవట్టే!"

 పరిశోధన పాడవుతుందని అన్నదే గాని ఈ మాట ముందే చెప్పనందుకు విమలకు తప్పు తనది కూడా అనిపించింది. "పేరు తీసే ముందు ఒక్క మాట చెప్పండి. ఇన్ని రోజులు విశ్రాంతిగా ఉన్నారు. మీకేం మార్పు కనిపించింది?" అని అడిగింది.

కిష్టప్ప మేడి మీద చేతులు ఆనించి ఆలోచించాడు.

"ముందుగాల నిద్రొచ్చింది మేడమ్, సచ్చిన శవం లెక్క పండుకున్న. తర్వాత నిద్ర సరిపోయింది. కండ్లు తెరుచుకొని పండుకున్న. అప్పుడు మా ముత్యమ్మ కానొచ్చింది."

"అంటే?"

"పొద్దుగాల్ల లేస్తది. పేడ, నీళ్ళు, పొయ్యి, నారుమడి, గడ్డి, మళ్ళ పొయ్యి. ఇప్పుడు కూసుంటది, ఇగ కూసుంటది అని సూసుకుంట పండుకున్న. ఒక్కనాడు కూసోలే. బువ్వ గూడ నిలబడే తిన్నది. ఇన్నేండ్ల సంది ఒక్కింట్ల ఉన్నం మేడమ్. డ్యూటీకి బోయిన దినాలల్ల సూడలే, నాగా పెట్టి దున్నిన దినాలల్ల సూడలే. ఊకె పండుకుంటెనే కానొచ్చింది."

 ఇలాంటి మాట మొగుడి నోట వింటే ఏ ఆడదైనా కరిగిపోతుందని చెప్పేవాళ్ళుంటారు. ముత్యమ్మ కరగలేదు. తనకే తెలియని చోట పడి ఉన్న కోపమంతా ఒక్కసారి పైకి వచ్చింది. కంపెనీ జీతమిచ్చి పడుకోబెడితే గాని ఈ మనిషికి తాను కనిపించలేదు. కంపెనీ పడుకోబెట్టకపోతే చచ్చేదాకా కనిపించేదే కాదు.

"సూసినవు. సూసి గూడ పండుకున్నవు!"

"మాట ఇచ్చిన గదనే..."

ముత్యమ్మ వంగి చేతికందినంత బురద తీసి మొగుడి ఛాతీ మీద ఫెడీమని కొట్టింది. ఊరంతా చూస్తుండగా, పట్నం పిల్ల చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది. కిష్టప్ప ఆ బురద తుడుచుకోలేదు.

"ఇగ నేనున్న గద. పోయి గట్టు మీద జెర కూసో" అన్నాడు మెల్లగా.

"కూసుంటే నాట్లెవలేస్తరు, నీ మేడమా?" అంది ముత్యమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకొని, నారుమడిలోకి దిగి వంగింది.